రీలు కొనేముందు డ్రాగ్ చూడండి: చెరువుకూ మొగకూ పనికొచ్చే మొదటి రీలు

మీరు అడిగినదంతా ముందు ఒకచోట చేర్చుకుంటాను. ఇన్నాళ్లూ వెదురు కర్రకు దారం కట్టి, బెండు వేసి చేపలు పట్టారు. ఇప్పుడు రాడ్, రీలు కొనాలనుకుంటున్నారు. ఎక్కువగా ఊరి చెరువులో బొచ్చె, శీలావతి, వీలైతే కొర్రమీను కోసం; సెలవు రోజుల్లో భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే మొగలో పండుగప్ప కోసం. రీలుకు మూడు వేల రూపాయల వరకూ పెట్టగలరు. దుకాణంలో 6000 సైజు, 13 బేరింగులు, 15 కిలోల డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుతో వదిలే ఏర్పాటు) ఉన్న రీలు చూపించి ‘ఇదొక్కటి ఉంటే అన్నింటికీ చాలు’ అన్నారు. స్నేహితుడి రీలు అడిగి తీసుకుని విసిరితే దారం కుప్పగా చిక్కుపడింది. లోపం రీలుదా, మీ చేతిదా అన్నది మీ రెండో ప్రశ్న.

ఆ 6000 తీసుకోకండి. అదే ధరలో పేరున్న కంపెనీ ప్రారంభ శ్రేణి నుంచి 4000 సైజు స్పిన్నింగ్ రీలు, డ్రాగ్ మర ముందువైపు ఉన్నది తీసుకోండి. షిమానోలో సియెన్నా, దైవాలో క్రాస్‌ఫైర్ ఈ తరగతికి చెందినవి. దుకాణాన్ని బట్టి ధర కొంచెం అటూ ఇటూ అవుతుంది. మీరు చెప్పిన చేపలన్నింటికీ సరిపడేంత దారం 4000లో పడుతుంది. రోజంతా చేతిలో పట్టుకున్నా మణికట్టు లాగదు. చిక్కు సంగతి తర్వాత వివరంగా చెబుతాను. అందులో సగం పైగా దారం నింపిన తీరులోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఇక అసలు విషయం. కర్రతో చేప పట్టినవారికి రీలు అనగానే దారం చుట్టే యంత్రం గుర్తుకొస్తుంది. దుకాణాల్లోనూ అందరూ హ్యాండిల్ తిప్పి చూసి, నున్నగా తిరుగుతోందని మెచ్చుకుని డబ్బు కడతారు. కానీ వెదురు కర్రకు పెద్ద శీలావతి పడినప్పుడు ఏం జరిగేదో గుర్తుచేసుకోండి. కర్ర వంగగలిగినంత వంగుతుంది. ఆపైన దారం తెగుతుంది, లేదా గాలం సాగి నిటారవుతుంది. ఆ క్షణంలో చేపకు ఇవ్వడానికి మీ దగ్గర ఇంకో మూరెడు దారం లేకపోవడమే అక్కడి చిక్కు. రీలు ఉన్నది ఆ మూరెడు దారం ఇవ్వడానికి, అదీ తెగే బిగువు రాకముందే, కుదుపు లేకుండా ఇవ్వడానికి. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది: లాగడం అందరికీ వచ్చు, దారం ఎప్పుడు ఎంత వదలాలో తెలిసినవారి పటమే ఆకాశంలో నిలుస్తుంది. రీలులో ఆ పని చేసే భాగమే డ్రాగ్. దారం చుట్టుకునే స్పూలు లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన వాషర్లు ఉంటాయి. మర బిగిస్తే అవి ఒత్తుకుని స్పూలును పట్టి ఉంచుతాయి. చేప లాగుడు ఆ పట్టును మించగానే స్పూలు జారి దారం ఇస్తుంది. రీలు మంచిదో కాదో నేను తేల్చుకునేది అక్కడే.

మీరు కొనబోయే స్పిన్నింగ్ రీలు పనితీరు కొంచెం తెలిస్తే తర్వాతి మాటలన్నీ తేలికవుతాయి. దీంట్లో విసిరేటప్పుడూ చుట్టేటప్పుడూ స్పూలు తిరగదు. హ్యాండిల్ తిప్పితే దాని చుట్టూ రోటర్ తిరుగుతూ, బెయిల్ అనే వంపు తీగ చివరనున్న చిన్న రోలర్ మీదుగా దారాన్ని స్పూలు చుట్టూ వేస్తుంది. విసిరేటప్పుడు బెయిల్ తెరుస్తాం కాబట్టి దారం స్పూలు అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఈ తరహా రీలుకు 1905లో పేటెంటు పొందాడు. ఆయన నేత మిల్లుల యజమాని. మిల్లు కండెల మీది నుంచి దారం జారిపోయే తీరు ఆయనకు కొత్తేమీ కాదు. స్పూలు తిరగనక్కర్లేదు కనుక తేలికపాటి ఎర కూడా దూరం పోతుంది. ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉంది: రోటర్ వేసే ప్రతి చుట్టుతో దారంలో ఒక మెలిక పడుతుంది. విసిరినప్పుడు అంచు మీదుగా జారుతూ ఆ మెలిక విడిపోతుంది. ఈ లెక్క సరిపోయినంత కాలం బాధ లేదు. మనం దాన్ని చెడగొట్టినప్పుడే దారం ముడతలు పడి చిక్కవుతుంది.

రెండో రకం బెయిట్‌కాస్టింగ్ రీలు. దాంట్లో స్పూలే గిర్రున తిరుగుతుంది. బరువైన దారం, బరువైన ఎర, గురిపెట్టి విసరడం, గడ్డిలోంచి బలంగా లాగడం, వీటికి అది బాగుంటుంది. కొర్రమీను వేటగాళ్లలో చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ ఎర నీళ్లలో పడి ఆగిన తర్వాత కూడా స్పూలు తిరుగుతూ ఉంటే దారమంతా లోపలే ఉబ్బి గుట్ట అవుతుంది. బొటనవేలితో దాన్ని అదుపు చేయడం అలవాటు కావాలి. మొదటి రీలుగా అది వద్దు. ఒక ఏడాది స్పిన్నింగ్ రీలుతో గడిపాక మీకే తెలుస్తుంది, అవసరమో కాదో.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు. మీకు చూపించిన రీలు మీద పెద్ద అక్షరాలతో ఉన్న రెండు అంకెలే అన్నింటికన్నా తక్కువ పనికొచ్చేవి. బేరింగులు 13 ఉన్నా, అవి తుప్పు పట్టే నాసిరకానివైతే మొగలో ఉప్పునీళ్లు తగిలిన కొద్ది నెలలకే గరగరలాడతాయి. మంచివి నాలుగు ఉంటే చాలు. ‘10+1’ అని రాసి ఉన్నచోట ఆ చివరి ఒకటి మామూలు బేరింగు కాదు, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు. ఇక 15 కిలోల డ్రాగ్ అంటే మర బిగించగలిగినంత బిగించినప్పుడు వచ్చే పట్టు. మీరు వాడబోయే దారమే 8 కిలోలకు తెగుతుంది. దాంతో మీకు కావలసింది రెండు కిలోల దగ్గర సాఫీగా జారే డ్రాగ్. ఆ రెండు కిలోల దగ్గర అది ఎలా నడుస్తుందో ఏ డబ్బా మీదా రాయరు.

సైజు అంకెలు కంపెనీకీ కంపెనీకీ ఒకటి కావు. ఒక కంపెనీ 4000 ఇంకొక కంపెనీ 3000 అంత ఉండవచ్చు. అందుకే దారం ఎంత పడుతుందో రాసిన వరుస చదవండి. ఉదాహరణకు 0.35 మి.మీ. దారం 170 మీటర్లు అని ఉందనుకుందాం. దారం పట్టే పొడవు దాని మందం వర్గానికి విలోమంగా మారుతుంది. అంటే అదే స్పూలు మీద 0.30 మి.మీ. దారం సుమారు 230 మీటర్లు, 0.40 మి.మీ. అయితే సుమారు 130 మీటర్లే పడుతుంది. చెరువుకూ మొగకూ 150 నుంచి 200 మీటర్లు ఉంటే నిశ్చింత.

గేర్ నిష్పత్తి 5.2:1 అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే రోటర్ 5.2 సార్లు తిరుగుతుంది. స్పూలు వ్యాసం 48 మి.మీ. అనుకుంటే ఒక తిప్పుకు వచ్చే దారం సుమారు 78 సెంటీమీటర్లు. 6.2:1 అయితే 93 సెంటీమీటర్లు. ఎక్కువ నిష్పత్తి ఉంటే వదులైన దారాన్ని త్వరగా లాక్కోవచ్చు. తక్కువ నిష్పత్తి ఉంటే బరువు లాగేటప్పుడు హ్యాండిల్ తేలికగా తిరుగుతుంది. షిమానో పేర్లలో హెచ్‌జి అని ఉంటే ఎక్కువ వేగం, పిజి అని ఉంటే ఎక్కువ బలం అని గుర్తు. అన్నీ ఒక్క రీలుతో చేయాలనుకుంటున్నారు కాబట్టి 5:1కీ 6:1కీ మధ్యలో ఏది దొరికినా మీకు మంచిదే.

దుకాణంలో అడగడానికి మొహమాటపడకండి. స్పూలు మీద నాలుగు మీటర్ల దారమైనా చుట్టి ఇవ్వమనండి. డ్రాగ్‌ను వదులుగా పెట్టి దారాన్ని చేత్తో మెల్లగా లాగండి. జారడం మొదలయ్యే ఆ మొదటి క్షణం చూడాలి. కొన్ని రీళ్లలో దారం ముందు మొండికేసి, ఉన్నట్టుండి కుదుపుతో వదులుతుంది. సన్నని దారం తెగేది ఆ కుదుపులోనే. మంచి డ్రాగ్ మొదలు నుంచి చివరి వరకూ ఒకే బిగువుతో జారుతుంది. మర కొంచెం కొంచెం బిగిస్తూ మళ్లీ లాగండి. బిగువు మెట్లు మెట్లుగా ఎగబాకకుండా మెల్లగా పెరగాలి. రెండు మూడు తిప్పుల్లోనే వదులు నుంచి బిగుతుకు పోయేదాన్ని పక్కన పెట్టండి, నీళ్ల దగ్గర దాన్ని సరిచేసుకోవడం కష్టం. ఆ తర్వాత హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే లోపాలు కనబడవు, నెమ్మదిగా తిప్పితే గేరు పళ్లు వేలికి తెలుస్తాయి. రోటర్ అటూ ఇటూ ఊగుతోందా, బెయిల్ చివరి రోలర్ నిజంగా తిరుగుతోందా చూడండి. రోలర్ తిరగకపోతే దారం దానిమీద రాసుకుని పాడవుతుంది. హ్యాండిల్‌ను వెనక్కి తిప్పి చూస్తే కదలిక దాదాపు ఉండకూడదు. మీకు చూపించిన ఆ 13 బేరింగుల రీలును కూడా ఇలాగే పరీక్షించండి, తేడా మీ వేళ్లకే తెలుస్తుంది. హ్యాండిల్ కుడివైపున్నా ఎడమవైపున్నా బెంగ లేదు, స్పిన్నింగ్ రీళ్లలో దాన్ని ఊడదీసి రెండోవైపు పెట్టుకోవచ్చు. బలమైన చేతిలో రాడ్, రెండో చేతిలో హ్యాండిల్ ఉంచుకుంటే విసిరాక చేతులు మార్చుకునే పని ఉండదు.

దారం సంగతికి వద్దాం. మొదటి ఏడాదికి నైలాన్ మోనో దారమే వేయండి, 0.30 లేదా 0.33 మి.మీ. మోనో సాగుతుంది. ఆ సాగుడు మీ తొందరపాటును కొంత భరిస్తుంది. బొచ్చె, శీలావతి నోళ్లు మెత్తనివి, గట్టిగా లాగితే గాలం చీల్చుకుని వచ్చేస్తుంది కనుక అక్కడ సాగే దారమే మేలు. అల్లిన బ్రెయిడ్ దారం దాదాపు సాగదు, అదే బలానికి చాలా సన్నగా ఉంటుంది, కాబట్టి దూరం పోతుంది, చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది. కానీ చిక్కుపడితే విప్పడం కష్టం, వేలికి చుట్టుకుంటే కోస్తుంది. కొర్రమీనుకూ పండుగప్పకూ తర్వాత దానికి మారవచ్చు. బ్రెయిడ్‌ను ఖాళీ స్పూలుకు నేరుగా కట్టకూడదు. అది లోహం మీద పట్టు దొరక్క మొత్తం చుట్టగా జారుతుంది, మీరేమో డ్రాగ్ పాడైందనుకుంటారు. అడుగున కొన్ని మీటర్ల మోనో చుట్టి, దానికి బ్రెయిడ్ ముడివేయండి.

నింపే పద్ధతి మీద కాస్త శ్రద్ధ పెట్టండి, మీ చిక్కు ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. కొత్త దారం డబ్బాను నేల మీద, కాగితం అంటించిన వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. రాడ్ మొదటి రింగు గుండా దారం తెచ్చి, బెయిల్ తెరిచి స్పూలుకు ముడివేసి, బెయిల్ మూయండి. తడి గుడ్డతో దారాన్ని వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, పదిహేను తిప్పులు చుట్టి ఆగండి. దారాన్ని వదులు చేసి చూడండి. అది మెలికలు తిరిగి తనమీద తాను చుట్టుకుంటుంటే డబ్బాను తిరగేసి, రెండోవైపు పైకి పెట్టి కొనసాగించండి. బిగువుగా చుట్టడం ముఖ్యం. వదులుగా చుట్టిన పొరల్లోకి పైపొర దిగబడి, తర్వాత విసిరినప్పుడు ఇరుక్కుంటుంది. ఎంతవరకు నింపాలి? స్పూలు అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపలి వరకు. అంతకంటే తక్కువైతే దారం అంచుకు రాసుకుని దూరం తగ్గుతుంది. ఎక్కువైతే చుట్టలు వాటంతట అవే అంచు దాటి గుంపుగా జారి, రింగుల దగ్గర ముద్దయి చిక్కుపడతాయి. డబ్బు పోసి కొన్నాం కదా అని డబ్బాలోని దారమంతా నింపేవారు చాలామంది. మీ స్నేహితుడి స్పూలు అంచు దాకా నిండి ఉందేమో ఒకసారి చూడండి.

విసరడం మాటల్లో చెప్పినంత కష్టం కాదు. రీలు కాడ మీ వేళ్ల మధ్యకు వచ్చేలా రాడ్ పట్టుకోండి. ఎరను రాడ్ కొన నుంచి రెండడుగులు వేలాడనివ్వండి. చూపుడువేలితో దారాన్ని రాడ్‌కు ఆనించి పట్టి, రెండో చేత్తో బెయిల్ తెరవండి. వెనక ఎవరూ లేరని చూసుకుని రాడ్‌ను వెనక్కి తీసుకెళ్లి, ముందుకు విసురుతూ, కొన మీ ఎదుట ఆకాశానికీ నీళ్లకీ నడుమ సగం ఎత్తుకు వచ్చినప్పుడు వేలు వదలండి. ఎర నెత్తి మీదుగా పైకి లేస్తే తొందరగా వదిలినట్టు, కాళ్ల ముందు నీళ్లను కొడితే ఆలస్యంగా వదిలినట్టు. ఎర నీళ్లను తాకబోయే ముందు చూపుడువేలిని స్పూలు అంచుకు తాకించండి, దారం అక్కడితో ఆగుతుంది. చాలామంది ఇది చేయరు. ఎర ఆగాక కూడా గాలి ఊపుకు దారం బయటికి వస్తూనే ఉంటుంది, ఆ వదులు దారమే తర్వాత చిక్కుకు బీజం. ఇక బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తోనే మూయండి. మూశాక రీలుకు పైనున్న దారాన్ని ఒకసారి లాగి బిగించి, అప్పుడు చుట్టడం మొదలుపెట్టండి. రెండు క్షణాల పని. మొదటి చుట్టు వదులుగా పడకుండా ఉంటే మీకు ఎదురైన చిక్కుల్లో చాలా భాగం పోతుంది.

డ్రాగ్ ఎంత బిగించాలి? దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మొదలుపెట్టండి. 8 కిలోల దారానికి రెండు కిలోలు. దీనికి తూకం అక్కర్లేదు. రెండు లీటర్ల సీసా నిండా నీళ్లు పోస్తే రెండు కిలోల పైచిలుకు బరువు ఉంటుంది. దారం కొసను సీసా మెడకు కట్టి, రాడ్ లేకుండా రీలును చేత్తో పట్టుకుని పైకెత్తండి. సీసా నేల విడిచి లేస్తున్నప్పుడే స్పూలు మెల్లగా జారాలి. అసలు జారకపోతే మర వదులు చేయండి, సీసా కదలకుండానే జారిపోతుంటే బిగించండి. రాడ్ రింగుల రాపిడి వల్ల చేప దగ్గర బిగువు దీనికన్నా కొంత ఎక్కువే ఉంటుంది, ముడి దగ్గర దారం బలం కొంత తగ్గుతుంది. నాలుగో వంతు అని తక్కువగా పెట్టుకోవడానికి కారణాలు ఇవే. ఈ లెక్కలో దారం ఒక్కటే కాక లీడర్ (దారం కొసన, ఎరకు ముందు కట్టే గట్టి దారం ముక్క), గాలం, రాడ్, వీటన్నింటిలో బలహీనమైనదాన్ని చూసి కట్టాలి.

ఇంకొక సంగతి ఉంది, నా అనుభవంలో పెద్ద చేపలు ఎక్కువగా పోయేది దీన్ని పట్టించుకోనందువల్లనే. స్పూలు నిండుగా ఉన్నప్పుడు దారం దాని మధ్య నుంచి 24 మి.మీ. దూరంలో ఉందనుకోండి, మీరు పెట్టిన బిగువు రెండు కిలోలు. చేప దూరం పరుగెత్తి, దారం తగ్గి, ఆ దూరం 16 మి.మీ.కు వస్తే వాషర్ల పట్టు మారకపోయినా దారం మీది బిగువు మూడు కిలోలవుతుంది. మీరు ఏమీ చేయకుండానే డ్రాగ్ సగానికి సగం బిగుసుకుంది. చేప ఇంకా పోతోందని కంగారుపడి మర బిగించామంటే దారాన్ని మనమే తెంపుతున్నట్టు. దూరం పోతున్న చేపకు మర ముట్టుకోకండి, దారం చాలా తగ్గితే కాస్త వదులే చేయండి. క్షణం పాటు ఎక్కువ ఒత్తిడి కావాలంటే అరచేతిని స్పూలు అంచుకు ఆనించండి, చేప తల తిప్పగానే తీసేయవచ్చు. మరతో ఆ వీలు లేదు.

చేపను తెచ్చేటప్పుడు రీలుతో లాగకండి, రాడ్‌తో లాగండి. రాడ్‌ను మెల్లగా పైకెత్తి చేపను దగ్గరికి తెచ్చి, కొన కిందికి దించుతూ ఆ వదులైన దారాన్ని చుట్టుకోండి. దించేటప్పుడు దారం సడలకుండా చూసుకోవాలి. చేప లాగుతోంది, స్పూలు జారుతోంది, మీరేమో హ్యాండిల్ తిప్పుతున్నారు: ఇది ఎప్పుడూ జరగకూడదు. అప్పుడు ఒక్క అంగుళం దారం కూడా రీలులోకి రాదు, హ్యాండిల్ పది తిప్పులకు 52 మెలికలు మాత్రం దారంలోకి ఎక్కుతాయి. పైన చెప్పిన మెలికల లెక్క చెడేది ఇలాగే. స్పూలు జారుతున్న చప్పుడు వినగానే హ్యాండిల్ మీది చెయ్యి ఆగిపోవాలి. అప్పటికే మెలికలు పడిన దారాన్ని బాగుచేయడానికి గాలం, ఎర అన్నీ విప్పేసి, పారే కాలువలో ఉత్త దారాన్ని యాభై మీటర్లు వదలండి. కొంతసేపు ఉంచి బిగువుగా చుట్టుకుంటే చాలావరకు విడిపోతాయి. గిరగిరా తిరిగే చెంచా ఎరలు వాడేటప్పుడు దారానికీ ఎరకూ మధ్య మంచి స్వివెల్ (మెలిక దారంలోకి ఎక్కకుండా తిరిగే చిన్న లోహపు కీలు) పెట్టడం తప్పనిసరి.

మీ నాలుగు చేపలకు అమరికలు మూడు రకాలు. బొచ్చె, శీలావతికి పిండి ఎర వేసి రాడ్‌ను గట్టున ఆనించి కూర్చుంటాం. అప్పుడు డ్రాగ్ బాగా వదులుగా ఉండాలి. బిగించి పెట్టి టీ తాగడానికి వెళితే రాడ్‌తో సహా చెరువులోకి ఈడ్చుకుపోయే చేపలు ఉన్నాయి. చేప అందుకున్నాక రాడ్ ఎత్తి, ముందే అనుకున్న బిగువుకు మర తిప్పుకోండి. బెయిట్‌రన్నర్ తరహా రీళ్లలో ఈ రెండు అమరికల మధ్య మార్చుకోవడానికి వేరే మీట ఉంటుంది. ఈ వేటే ఎక్కువ చేస్తే రెండో రీలుగా దాన్ని కొనుక్కోవచ్చు. ఊరి చెరువులు చాలాచోట్ల మత్స్యకారుల సంఘాలకు కౌలుకు ఇచ్చి ఉంటాయి, పిల్లల్ని వదిలి పెంచేది వారే. వారిని అడిగి, అనుమతి తీసుకునే దిగండి.

కొర్రమీనుకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది తామరాకుల్లో, తూటికాడల్లో ఉంటుంది. కప్ప ఆకారపు ఎరను నోట పట్టగానే వేళ్లలోకి దూరుతుంది. అక్కడ దారం ఇస్తే చేపను వదులుకున్నట్టే. 30 పౌండ్ల బ్రెయిడ్, గట్టి రాడ్, డ్రాగ్ దాదాపు బిగించి పెట్టడం. నీళ్లు ఎగసిన వెంటనే లాగకుండా, బరువు చేతికి తెలిశాక ఒక్కసారి బలంగా లాగి, ఆగకుండా చుట్టాలి. డ్రాగ్ బిగువుగా పెట్టాల్సిన సందర్భం మీకు ఇదొక్కటే. వానాకాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది కదిలినా మీద పడతాయి, పట్టడం చాలా సులభం. అప్పుడు మాత్రం ఎర వేయకండి. కాపలా పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

పండుగప్ప దగ్గర డ్రాగ్‌కు అసలు పరీక్ష. అది ఎర అందుకోగానే రాళ్ల వైపో, మడ వేళ్ల వైపో దూసుకుపోతుంది, లేదంటే నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. ఎగిరినప్పుడు రాడ్ కొనను కిందికి దించండి. దాని మొప్పల అంచు పదునైనది, నోరు గరుకు, అందుకే బ్రెయిడ్ కొసన 40 పౌండ్ల లీడర్ ఒక మీటరు కట్టాలి. డ్రాగ్‌ను నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పెంచుకోవచ్చు, అంతకు మించి వద్దు. పోటు మారే వేళల్లో వెళ్లండి, మిగతా వేళల్లో కన్నా అప్పుడే ఎక్కువగా తిరుగుతుంది.

మొగకు వెళ్లిన రోజు ఇంటికి రాగానే ఎంత అలసటగా ఉన్నా రీలును కడిగాకే పడుకోండి. ముందు డ్రాగ్ మర పూర్తిగా బిగించండి, వాషర్లలోకి నీరు దిగకుండా. కుళాయి నీటిని సన్నని ధారగా పైపైన పోయండి. బకెట్‌లో ముంచకండి, పైపుతో గట్టిగా కొట్టకండి, ఆ ఒత్తిడికి ఉప్పు బయటికి పోయే బదులు గేర్లలోకి దూరుతుంది. మెత్తని గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి ఉంచండి. బిగించి నెలల తరబడి వదిలేస్తే వాషర్లు అణిగిపోయి, మీరు దుకాణంలో వెతికి మరీ తప్పించుకున్న ఆ కుదుపు మీ రీలుకే వస్తుంది. రోలర్‌కు, హ్యాండిల్ పిడికి, బెయిల్ కీలుకు కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క చాలు. కొబ్బరినూనె, వంటనూనె వేయకండి, జిగురు కడతాయి. తుప్పు వదిలించే స్ప్రేలు లోపలి గ్రీజును కరిగించేస్తాయి, అవి కూడా వద్దు. డ్రాగ్ వాషర్లకు నూనె అసలు తగలకూడదు. ఒడ్డున ఉన్నప్పుడు రీలును ఇసుక మీద పెట్టకండి, ఒక్క రేణువు రోలర్‌లో చేరినా దారాన్ని గీరుతుంది. గేర్ల గ్రీజు మార్చడానికి ఏడాదికొకసారి విప్పితే సరిపోతుంది. విప్పే ముందు ప్రతి దశనూ ఫోనులో ఫోటో తీసుకోండి. డ్రాగ్‌లోని వాషర్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో తిరిగి పేర్చాలి. వరుస తప్పితే మర ఎంత బిగించినా స్పూలు సరిగా పట్టదు.